తీగ ఆనే చోటు

(స్వర్ణోత్సవ సభ రెండవ రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో ఇన్నేళ్ళు ఇంజనీరుగా చేశావు కదా, పైకొచ్చిన విధానం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. పైకొచ్చిన విధానాలు నిన్నటి నుంచి చాలామంది చెప్పారు. నేను ఒక తప్పు గురించి చెబుతాను. అది ఒక వాద్యం మీద చేసిన తప్పు. ఆ వాద్యం మనది కాదు. పేరు పెడల్ స్టీల్ గిటార్. మీలో చాలామంది చూసి ఉండరు. నేనూ నలభై ఏళ్ళు వచ్చేదాకా చూడలేదు. కానీ దాని గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఈ బడి సైన్సు గదిలోనే మొదలైంది.

ముందు వాద్యం గురించి చెబుతాను. చూడ్డానికి అది గిటారులా ఉండదు. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన సన్నటి బల్లలా ఉంటుంది. బల్ల మీద పది తీగలు. వాయించేవాడు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కుడిచేతి వేళ్ళకు మీటే గోళ్ళు తొడుక్కుంటాడు. ఎడమచేత్తో దాదాపు పావు కిలో బరువున్న గుండ్రటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి జరుపుతాడు. మన గోటువాద్యం చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. తేడా అంతా బల్ల కింద ఉంది. పాదాల దగ్గర మూడు పెడల్స్, మోకాళ్ళకు తగిలేలా నాలుగైదు మీటలు, వాటి నుంచి పైకి సన్నటి కడ్డీలు. తీగ మోగుతూ ఉండగానే పెడల్ నొక్కితే కొన్ని తీగల శ్రుతి మారుతుంది. రెండు స్వరాలు కదలకుండా నిలిచి ఉంటే మూడోది వాటి మధ్య నుంచి మెల్లగా పైకి ఎక్కుతుంది. ఏడుపు గొంతులా ఉంటుందని అక్కడివాళ్ళు అంటారు.

దీని పుట్టుక హవాయి దీవుల్లో. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు గిటారు తీగల మీద లోహపు ముక్క జరిపి చూశాడు. దువ్వెన, చాకు లాంటివి ప్రయత్నించి, చివరికి తన బడి వర్క్‌షాపులో ఉక్కు కడ్డీ తయారు చేసుకున్నాడని చెబుతారు. బడి వర్క్‌షాపు అన్న మాట దయచేసి గుర్తు పెట్టుకోండి. చివర్లో దాని అవసరం ఉంది.

ఆ పద్ధతి అమెరికా అంతా పాకింది. 1940లలో టావ్ మో అనే హవాయి కళాకారుడు కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ గిటారు మీద హిందుస్తానీ రాగాలు పలికించారు. అమెరికాలో ఆ వాద్యం విద్యుత్తు వైపు, యంత్రం వైపు మళ్ళింది. 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్ళు అమ్మకానికి పెట్టిన విద్యుత్ గిటారు ఈ జాతిదే. పోత అల్యూమినియంతో చేశారు, ఆకారాన్ని బట్టి జనం దాన్ని 'ఫ్రయింగ్ ప్యాన్' అన్నారు. అంటే మన పెనం. స్టేజీ దీపాల వేడికి ఆ పెనం వ్యాకోచించేది, శ్రుతి పోయేది. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు సాగుతుందని మనం ఇక్కడ చదువుకున్నాం. వాద్యం శరీరాన్ని దేనితో చెయ్యాలన్న ప్రశ్న ఆ రోజే మొదలైంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాటలో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగా పెడల్ నొక్కాడు. ఆ పాట విన్న స్టీల్ గిటారు వాళ్ళందరూ తమ వాద్యాలకు పెడల్స్ పెట్టించుకోవడానికి పరుగులు తీశారు.

ఇప్పుడు మన సైన్సు గదికి వద్దాం. మా ఫిజిక్స్ మాస్టారు ఇదిగో, ముందు వరుసలోనే ఉన్నారు. సోనోమీటరు ప్రయోగం చేయించేవారు. చెక్కపెట్టె మీద తీగ, రెండు గుర్రాలు, చివర పళ్ళెంలో బరువులు. శ్రుతిదండాన్ని మోగించి పెట్టె మీద ఆనిస్తే, గుర్రాలు సరైన చోట ఉన్నప్పుడు తీగ మీది కాగితపు ముక్క ఎగిరి కింద పడుతుంది. మేం కాగితం పడగానే కొలత రాసేసుకుని లేచేవాళ్ళం. మాస్టారు వెనక్కి పిలిచేవారు. "ఒరేయ్, కాగితం పడిందని రాసుకున్నావు సరే. పెట్టె మీద చెవి ఆనించావా? ఆనించి వినరా" అనేవారు. మాకది చాదస్తంగా ఉండేది. మార్కులు కాగితానికే కదా.

పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఆ ఒక్క నియమంతో ఈ వాద్యం లెక్క వేయొచ్చు. మూడో తీగ మందం 0.28 మిల్లీమీటర్లు, నిడివి దాదాపు 24 అంగుళాలు. దాన్ని శ్రుతిలో ఉంచడానికి దాదాపు 13 కిలోల లాగుడు కావాలి. పెడల్ నొక్కి అర స్వరం పెంచాలంటే ఆ లాగుడు మరో 12 శాతం పెరగాలి. అందుకు తీగ సాగవలసింది ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మంచి చెవి అర స్వరంలో ఇరవయ్యో వంతు తేడా పట్టేస్తుంది. అంటే ఆ యంత్రం ప్రతిసారీ తల వెంట్రుక మందంకంటే తక్కువ తేడాతో అదే చోటికి వెళ్ళాలి, అదే చోటికి తిరిగి రావాలి. పది తీగల లాగుడు కలిపితే వంద కిలోలు దాటుతుంది. ఆ బరువు కింద ఒక రాత్రిలో కొన్ని వందల సార్లు.

ఇదంతా శ్రుతి సంగతి. నాదం సంగతి ఇంకా కష్టం. తీగను మీటినప్పుడు దానికి కొంచెం శక్తి ఇస్తాం. ఆ శక్తి పోవడానికి మూడు దారులున్నాయి. గాలిలోకి కొంత, తీగ లోపలి రాపిడికి కొంత, మిగిలింది తీగ ఆనిన రెండు చివరల గుండా. వీణలో ఆ మూడో దారే ప్రధానం. తీగ గుర్రాన్ని కదిలించాలి, గుర్రం పనస చెక్కను కదిలించాలి, చెక్క గాలిని కదిలించాలి. అప్పుడే మనకు వినిపిస్తుంది. స్టీల్ గిటారుకు ఆ అవసరం లేదు. తీగ కదలికను కింద ఉన్న అయస్కాంతం, తీగచుట్ట పట్టుకుని యాంప్లిఫయరుకు పంపిస్తాయి. కాబట్టి చివరల గుండా పోయే ప్రతి బొట్టూ నష్టమే. చివర ఎంత బరువుగా, ఎంత గట్టిగా ఉంటే నాదం అంతసేపు నిలుస్తుంది. ఇంకో సంగతి, శక్తి అన్ని అతిస్వరాలకూ ఒకే వేగంతో పోదు. మెత్తటి చివర పై అతిస్వరాలను ముందు మింగేస్తుంది. అప్పుడు నాదం తగ్గడమే కాదు, మొద్దుబారుతుంది కూడా. అందుకే టోన్ వేరు, సస్టైన్ వేరు అనుకోవడానికి లేదు. రెండూ ఒకే చోట తయారవుతాయి.

ఎడమ చివర వాయించేవాడి చేతిలోని కడ్డీ. ప్రతి స్వరానికీ అది చోటు మారుతుంది. కుడి చివర మాత్రం ఏ స్వరానికైనా అదే. అక్కడ ఉండే భాగాన్ని చేంజర్ అంటారు. పది తీగలకు పది అల్యూమినియం వేళ్ళు, అన్నీ ఒకే ఉక్కు ఇరుసు మీద గుచ్చి ఉంటాయి. తీగ వేలి నెత్తి మీదుగా వంగి వెనక కొక్కానికి తగులుకుంటుంది. పెడల్ నొక్కితే వేలు ఇరుసు మీద కాస్త తిరిగి తీగను బిగిస్తుంది. ఇంజనీరుగా నాకు దీనికంటే చిక్కు సమస్య ఉద్యోగంలో రాలేదు. తీగ మోగుతున్నంతసేపూ ఈ వేలు బండరాయిలా ఉండాలి. పాదం కదిలిన క్షణం నూనె రాసిన తలుపులా తిరగాలి.

దీనికి రెండు పాత పరిష్కారాలున్నాయి. నాష్‌విల్‌లో షో-బడ్ కంపెనీ పెట్టినవారిలో ఒకడైన బడ్డీ ఎమన్స్, 1963లో రాన్ లాష్లీతో కలిసి తన పేరుతో మరో కంపెనీ పెట్టాడు. వాళ్ళ 'పుష్-పుల్' పద్ధతిలో పెడల్ నొక్కనప్పుడు వేలి కూర్పు గట్టి ఆనుడు మీద స్థిరంగా నిలబడుతుంది. శ్రుతి సరిచేయడం పెద్ద తలనొప్పి. తరువాత వాడుకలోకి వచ్చిన 'ఆల్-పుల్' పద్ధతిలో పెంచే చెయ్యి, తగ్గించే చెయ్యి రివెట్టుతో కలిసి ఉంటాయి, స్ప్రింగులు వాటిని తమ చోటికి లాగి ఉంచుతాయి. సరిచేయడం తేలిక. పుష్-పుల్ నాదం మళ్ళీ రాలేదని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆనుడు గట్టిదనం వల్లే అని కొందరు, కాదు, పికప్ వల్ల, చెక్క వల్ల అని కొందరు. ఆ వాదన తీర్చేంత వాడిని కాను. ఒక్క మెత్తటి ముక్క ఆ చోట దూరితే ఏమవుతుందో మాత్రం నాకు బాగా తెలుసు. దాన్ని దూర్చినవాణ్ణి నేనే.

2009లో మేం టెక్సస్‌లో ఉన్నాం. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. కుర్రతనంలో డాన్సు హాళ్ళలో స్టీల్ వాయించి, తరువాత ట్రక్కులు నడిపి రిటైరయ్యాడు. ఆయన గిటారు వేళ్ళ నెత్తిన తీగలు ఒరిసి ఒరిసి గాళ్ళు పడ్డాయి. తీగ ఒకే బిందువు దగ్గర వదలాలి. గాడిలో పడితే అంచును తాకుతూ వదులుతుంది, జుమ్మని మోత వస్తుంది. మన తంబురలో ఆ మోత కోసమే గుర్రాన్ని వెడల్పుగా చేసి, తీగ కింద నూలు పోగు పెట్టి మరీ సరిచేస్తారు. అక్కడ అది ప్రాణం. ఇక్కడ అది రోగం. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, గాళ్ళు తీసి నున్నగా చేసి పెట్టమని. మూడు వారాల్లో వాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు భార్య ముందు వాయించాలని ఆయన కోరిక.

గాళ్ళు తీసి ఇచ్చేస్తే సరిపోయేది. నేను విప్పి చూశాను. వేళ్ళు ఇరుసు మీద బిగుసుగా తిరుగుతున్నాయి. ఆయన మోకాళ్ళు నొప్పులు. పెడల్స్ తేలిక చేస్తే ఎంత సాయం అనుకున్నాను. మా కంపెనీ లేత్ మీద పది వేళ్ళ రంధ్రాలూ పెద్దవి చేసి, నైలాన్ బుష్‌లు దిగ్గొట్టాను. రాపిడి కొలిచాను. సగానికి పైగా తగ్గింది. నా కాగితపు ముక్క ఎగిరి పడింది. నేను కొలత రాసుకుని లేచాను.

పెద్దాయన పెడల్స్ నొక్కి చూసి, "చాలా తేలికగా ఉన్నాయి" అన్నాడు. రెండు రోజుల తరువాత హాల్లో ఎనభై మంది ముందు వాయించాడు. నేను ముందు బల్ల దగ్గరే కూర్చున్నాను. ఈ వాద్యం వాయించేవాళ్ళ కుడి పాదం ఎప్పుడూ వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. మీటేటప్పుడు సగం మూసి ఉంచుతారు, నాదం తగ్గుతున్నకొద్దీ తెరుస్తూ పోతారు. వినేవాళ్ళకు స్వరం తరగకుండా నిలిచినట్టు ఉంటుంది. ఆ రాత్రి ఆయన పాదం ప్రతి స్వరానికీ మొదట్లోనే చివరిదాకా వెళ్ళిపోతోంది. తెరవడానికి ఇంకేం మిగలడం లేదు. పాట మధ్యలో స్వరాలు తుంచినట్టు ఆగిపోతున్నాయి. ఆయన భార్య చప్పట్లు కొట్టింది, అందరం కొట్టాం. ఆయన మాత్రం గోళ్ళు తీసి జేబులో వేసుకుని, కడ్డీని రుమాలుతో చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు. వయసు మీద పడి చెయ్యి తగ్గిందని నేను అనుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడతో కూడా అలాగే అన్నాను. అన్నిటికంటే నాకు సిగ్గుగా ఉండేది ఆ మాటే.

నెల దాటాక ఆయన భార్య దారిలో కనిపించి, "ఆ రోజు నుంచి గిటారు పెట్టె మూత తీయలేదు. తన పని అయిపోయిందంటున్నాడు" అని చెప్పింది. ఆ సాయంత్రం వెళ్ళాను. ఆయన యాంప్లిఫయరు పెట్టనివ్వలేదు. మూడో తీగ మీటి, "ఆ చివర అల్యూమినియం పలక మీద చెవి పెట్టు" అన్నాడు. పెట్టాను. తరువాత షెడ్డులోంచి తన పాత గిటారు తెచ్చి అదే తీగ మీటాడు. మళ్ళీ చెవి పెట్టాను. పాతదాంట్లో నాదం సన్నటి గీతలా సాగుతూ పోయింది. నేను బాగు చేసినదాంట్లో దుప్పటి కప్పినట్టు ఉంది. పాతికేళ్ళ కిందట మా మాస్టారు చెప్పిన పని నేను మొదటిసారి చేసింది ఆ సాయంత్రమే.

కారణం లెక్కకు అందేదే. నైలాన్ దృఢత్వం అల్యూమినియం దృఢత్వంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పైగా కంపనాన్ని మింగే గుణం దానికి ఎక్కువ. నేను ప్రతి తీగ చివరా ఒక చిన్న పరుపు వేశాను. రాపిడి కొలిచాను గానీ నాదం కొలవలేదు. ఆయన అడిగింది నాదం.

ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. రంధ్రాలు పెద్దవి చేశాను కాబట్టి పాత వేళ్ళు పనికిరావు. పది వేళ్ళూ కొత్తగా చేయాల్సి వచ్చింది. ఆ చలికాలమంతా శని, ఆదివారాలు వాటికే పోయాయి. గట్టి అల్యూమినియం తీసుకుని, ఇరుసుకు సరిగ్గా సరిపోయేలా రంధ్రాలు రీమ్ చేశాను. మధ్యలో సన్నటి నూనె పొర పట్టేంతే ఖాళీ. నెత్తి వంపు మాత్రం యంత్రంతో కుదరలేదు. చివరికి చేత్తోనే ఆకురాయి పట్టి, ఉప్పుకాగితం వేసి, గుడ్డతో మెరుగు పెట్టాను. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి తీసేటప్పుడు ఎత్తాలి అని నాకు నేర్పింది ఇంజనీరింగ్ కాలేజీ కాదు. ఈ బడి వెనక రేకుల షెడ్డులో మా క్రాఫ్ట్ మాస్టారు. ఆయన ఈ రోజు మన మధ్య లేరు.

ఆ చలికాలంలో పెద్దాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నాకు మిగతా భాగాలన్నీ చూపించాడు. రెండవ చివర తీగలు ఆనే చిన్న చక్రాలు. బిగుసుకుంటే పెడల్ వదిలాక తీగ పూర్తిగా వెనక్కి రాదు, వదులైతే గలగలమంటాయి. గట్టి మేపుల్ చెక్క శరీరం. పెడల్ నొక్కినప్పుడు అది వెంట్రుకవాసి వంగినా నొక్కని తీగలు కూడా శ్రుతి తగ్గుతాయి. అందుకే పెడల్స్ ఒక్కొక్కటీ నొక్కి మిగతా తీగలు వినమనేవాడు. ఫ్రెట్లు ఉండవు. అవి ఉండాల్సిన చోట గీతలే. తీగలు మెడను అసలు తాకవు. అయినా మెడ చెక్కదా, అల్యూమినియందా అని వాయించేవాళ్ళు గంటల తరబడి వాదించుకుంటారు. మామూలు వాల్యూమ్ పెడల్ కూడా పికప్ మీద భారం వేసి పై స్వరాలను కొంచెం తగ్గిస్తుందని మీటరు లేకుండా, కేబుల్ పీకి, పెట్టి వినిపించాడు. ఇందులో ఏ ఒక్క భాగమూ నాదాన్ని పుట్టించదు. ప్రతి ఒక్కటీ ఎంత దొంగిలించకుండా ఉండగలదన్నదే లెక్క.

మార్చిలో గిటారు బిగించాం. ఆయన ఎవరినీ పిలవలేదు. ముందు గదిలో భార్యను కూర్చోబెట్టి ఆ రాత్రి వాయించిన పాటే వాయించాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పాదం సగం దగ్గరే ఆగింది. ఇంకా తెరవడానికి ఉంది. స్వరం నిలిచింది. పాట అయ్యాక ఆయన నా వైపు చూసి తల ఊపాడు. అంతే. పాత వేళ్ళతో ఉన్నట్టే ఉందా అని నేను అడగలేదు. ఆ హాల్లో రాత్రి మాత్రం తిరిగి రాలేదు. యాభై ఏళ్ళు ఒక్కసారే నిండుతాయి. నాలుగేళ్ళ తరువాత ఆయన పోయాడు. గిటారు ఇప్పుడు మనవడి దగ్గర ఉంది. నా నైలాన్ బుష్‌లు పదీ నా బల్ల సొరుగులో ఒక సీసాలో ఉన్నాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీర్లకు మొదటి రోజు అవే చూపిస్తాను.

మాస్టారూ, మీరు చెవి ఆనించమన్నది ఎందుకో నాకు అర్థం కావడానికి ఒక పెద్దమనిషి పండుగ పాడైంది. క్షమించమని ఆయన్ని అడిగాను. మిమ్మల్ని కూడా అడుగుతున్నాను.

చివరగా ఒక మనవి. నిన్న సాయంత్రం సైన్సు గది తాళం తీయించి చూశాను. సోనోమీటరు ఇంకా ఉంది. తీగ లేదు, ఒక గుర్రం విరిగింది, పళ్ళెం ఎవరో సుద్దముక్కలకు వాడుతున్నారు. వెనక రేకుల షెడ్డులో విరిగిన బెంచీలు వేశారు. మన సంఘం తరఫున డిజిటల్ క్లాసుగది ఇస్తున్నాం, మంచిదే, నా వంతు చందా నేనూ ఇచ్చాను. దానితో పాటు ఆ షెడ్డు ఖాళీ చేయించి, పది ఆకురాళ్ళు, రెండు వైసులు, ఒక రంపపు బల్ల పెడదాం. దాని ఖర్చు మా 1984 బ్యాచ్ భరిస్తుంది, నిన్న రాత్రి భోజనాల దగ్గరే అనుకున్నాం. హవాయిలో ఒక బడి వర్క్‌షాపులో ఒక పిల్లవాడు ఉక్కు ముక్క నున్నగా చేసుకున్నాడని చెప్పాను కదా. మన పిల్లలు ఏం చేస్తారో మనకు తెలియదు. చేసే చోటు మాత్రం మన చేతుల్లో ఉంది.

సోనోమీటరుకు పొద్దున్నే తీగ వేశాను, గుర్రం అతికించాను. సభ అయ్యాక సైన్సు గదిలో ఉంటాను. వచ్చినవాళ్ళు కాగితం పడిందో లేదో చూసి ఊరుకోకండి. పెట్టె మీద చెవి ఆనించి వినండి.

సెలవు.